గురి తప్పిన క్షణం
(గ్రీకు విషాద నాటకం – మన సారంగధర కథ)

ఉద్దేశం

గొప్పవాడు ఎందుకు పతనమవుతాడు? ఈ ప్రశ్నకు ప్రాచీన గ్రీకు విషాద నాటకం ఇచ్చిన సమాధానాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం, ఆ వెలుగులో తెలుగువారి సారంగధర కథను పరిశీలింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదులో అమీర్‌పేట కూడలి నుండి పంజగుట్ట వైపు నడిచి వెళ్ళేవారికి దారి పొడవునా ప్రకటన ఫలకాలు కనిపిస్తాయి. పరీక్షా ఫలితాలు వెలువడిన రోజుల్లో వాటి నిండా ర్యాంకులు సాధించిన విద్యార్థుల ఛాయాచిత్రాలే ఉంటాయి. గెలిచినవారిని చూపి మిగిలినవారిని ఉత్సాహపరచడం మన నగరం అలవాటు. ఓడినవారి ముఖాన్ని ఎవరూ ఫలకానికి ఎక్కించరు.

క్రీస్తు పూర్వం 5వ శతాబ్దిలో గ్రీసు దేశంలోని ఏథెన్స్ నగరం ఇందుకు భిన్నమైన పని చేసింది. ఏటా వసంత ఋతువులో డయొనైసస్ దేవుని మహోత్సవం జరిగేది. పౌరులు వేల సంఖ్యలో అక్రొపొలిస్ కొండ దక్షిణపు వాలులో ఉన్న రంగస్థలానికి చేరి, పగటివేళ ఆరుబయట కూర్చొని, మహారాజులూ మహావీరులూ పడిపోయే కథలను తిలకించేవారు. ముగ్గురు కవులు పోటీపడేవారు. ఒక్కొక్కరు మూడు విషాద నాటకాలను, వినోదప్రధానమైన మరొక నాటకాన్ని ప్రదర్శింపజేసేవారు. నటులు మాస్కులు ధరించేవారు. స్త్రీ పాత్రలను కూడా పురుషులే అభినయించేవారు. మన కూచిపూడి భాగవతుల సంప్రదాయం ఇక్కడ గుర్తుకు రాక మానదు. కథ నడుస్తుండగా పాడుతూ, ఆడుతూ, పాత్రలను ప్రశ్నిస్తూ ఉండే బృందాన్ని కోరస్ అనేవారు.

ఈస్కిలస్, సోఫోక్లిస్, యూరిపిడిస్ అనే ముగ్గురు ఈ నాటక ప్రక్రియకు మహాకవులు. మన కవిత్రయం వలె వీరు కలిసి ఒకే గ్రంథాన్ని రచించలేదు. అయినా గ్రీకు విషాద నాటకం అనగానే ఈ ముగ్గురి పేర్లూ ఒక్కసారే స్ఫురిస్తాయి. వీరు రచించిన నాటకాలలో అధికభాగం కాలగర్భంలో కలిసిపోయింది. మిగిలిన కొన్నే ఇరవై నాలుగు శతాబ్దాలకు పైగా ప్రపంచాన్ని ఆలోచింపజేస్తున్నాయి.

అరిస్టాటిల్ చెప్పినది

ఈ నాటకాలు వెలసిన తరువాత సుమారు వంద సంవత్సరాలకు తత్త్వవేత్త అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) ‘పొయెటిక్స్’ అనే గ్రంథంలో వాటి స్వరూపాన్ని వివరించాడు. విషాద నాటకానికి ఇతివృత్తమే ప్రాణమని, పాత్ర స్వభావం దాని తరువాతిదని ఆయన అభిప్రాయం. ప్రేక్షకుల హృదయంలో కరుణను, భయాన్ని పుట్టించడం ఆ నాటకం చేసే పని. ఆ భావాల ద్వారా కలిగే క్షాళనను ఆయన ‘కెథార్సిస్’ అన్నాడు.

అయితే ఎటువంటివాని పతనం మనకు కరుణను, భయాన్ని కలిగిస్తుంది? కేవలం సజ్జనుడు కష్టాలపాలైతే మనకు కలిగేది జుగుప్స. కేవలం దుర్మార్గుడు పడిపోతే, తగిన శాస్తి జరిగిందని తృప్తిపడతాం. కనుక నాయకుడు ఈ రెంటికీ నడుమ ఉండాలి. మనవంటివాడే కావాలి, కాని కీర్తిప్రతిష్ఠలు గలవాడు కావాలి. అతడు పడిపోవడానికి దుర్మార్గం కాక, ఒక ‘హమార్షియా’ కారణం కావాలి.

ఈ ‘హమార్షియా’ అనే మాటను జాగ్రత్తగా అర్థం చేసికోవాలి. తరువాతి కాలపు విమర్శకులు పలువురు దీనిని స్వభావంలోని లోపంగా వ్యాఖ్యానించారు. నాయకునిలో ఒక మచ్చ ఉంటుందని, ఆ మచ్చే అతనిని ముంచుతుందని చెప్పారు. కాని విసిరిన ఈటె గురి తప్పినప్పుడు గ్రీకులు వాడిన క్రియాపదం నుండే ఈ మాట వచ్చింది. ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునునికి పక్షి కన్ను తప్ప మరేమీ కనిపించలేదన్న కథ మనకు తెలుసు. అంతటి విలుకాడు కూడా ఏదో ఒకనాడు గురి తప్పవచ్చు. అంతమాత్రాన అతని చేయి చెడ్డది కాదు. అరిస్టాటిల్ మాట మచ్చ కన్నా ఈ గురి తప్పడానికే దగ్గరగా ఉంది. మనిషిలోని మంచి గుణమే, ఒక క్షణంలో, తెలియక, తగని చోటికి దూసుకొనిపోతుంది.

‘హ్యూబ్రిస్’ అనేది మరొక మాట. దీనిని మనం అహంకారం అని అనువదిస్తుంటాం. ఏథెన్స్ న్యాయశాస్త్రంలో మాత్రం అది ఒక నేరం పేరు. తన ఆధిక్యాన్ని చాటుకోవడానికి ఎదుటివానిని అవమానించడమే ఆ నేరం. మనసులో గర్వపడినంత మాత్రాన అది హ్యూబ్రిస్ కాదు. ఆ గర్వం మరొకరి గౌరవాన్ని తొక్కినప్పుడే అవుతుంది.

కథ ఒక్కసారిగా తలక్రిందులు కావడం ‘పెరిపెటీయ’. తెలియనిది తెలిసిరావడం ‘అనాగ్నరిసిస్’. ఈ రెండూ ఒకే క్షణంలో జరిగితే నాటకం అత్యుత్తమంగా ఉంటుందని చెప్పి, అరిస్టాటిల్ అందుకు ఈడిపస్ కథను ఉదాహరించాడు.

ఈడిపస్: వెదికి పడిపోయినవాడు

సోఫోక్లిస్ రచించిన ‘ఈడిపస్ రాజు’ నాటకంలో థీబ్స్ నగరాన్ని మహమ్మారి పీడిస్తూ ఉంటుంది. పూర్వరాజైన లేయస్‌ను చంపిన హంతకుడు ఆ నగరంలోనే ఉన్నాడని, వానిని వెళ్ళగొడితే గాని పీడ తొలగదని దేవవాణి తెలుపుతుంది. పూర్వం స్ఫింక్స్ అనే రాక్షసి వేసిన చిక్కు ప్రశ్నను విప్పి ఆ నగరాన్ని కాపాడిన బుద్ధిమంతుడు ఈడిపస్. హంతకుని తానే పట్టుకొంటానని ప్రజల ఎదుట ప్రతిజ్ఞ చేస్తాడు.

వెదకగా వెదకగా హంతకుడు తానే అని తేలుతుంది. తండ్రిని చంపి తల్లిని పెండ్లాడతావన్న జోస్యానికి భయపడి, తల్లిదండ్రులని తాను నమ్మినవారిని విడిచి పారిపోయినవాడు ఈడిపస్. ఆ దారిలోనే మూడు బాటలు కలిసే చోట, కోపంలో, ఎవరో తెలియని వృద్ధుని చంపాడు. ఆ వృద్ధుడే అతని కన్నతండ్రి. తరువాత తాను పెండ్లాడిన జొకాస్టా రాణియే కన్నతల్లి. నిజం తెలిసి ఆమె ఉరివేసికొంటుంది. ఈడిపస్ ఆమె వస్త్రానికున్న పిన్నులతో తన కన్నులు పొడుచుకొంటాడు.

ఇతనిలోని లోపం ఏమిటి? బుద్ధి, ధైర్యం, ప్రజల మీది ప్రేమ – ఇవన్నీ సుగుణాలే. ఇవే అతనిని నిజం దాకా నడిపించాయి. అయినా ఒక విషయం గమనించాలి. అంధుడైన ప్రవక్త టైరీసియస్ నిజం చెప్పినప్పుడు ఈడిపస్ ఆయన మాటను తూచి చూడలేదు. తన బావమరిది క్రియాన్‌తో కలిసి కుట్ర పన్నావని అందరి ఎదుటా నిందించాడు. హంతకుని కోసం అంత ఓర్పుతో వెదకినవాడు, ఎదుట ఉన్న మనిషి విషయంలో క్షణమైనా ఆగలేకపోయాడు.

హిప్పోలిటస్: వినని తండ్రి, చెప్పని కొడుకు

యూరిపిడిస్ రచించిన ‘హిప్పోలిటస్’ క్రీ.పూ. 428లో ప్రదర్శితమై ప్రథమ బహుమతి పొందింది. ఈ కథను చదువుతున్నప్పుడు తెలుగు విద్యార్థికి ఇది ఎక్కడో విన్నట్లే తోస్తుంది.

థీసియస్ రాజు కుమారుడు హిప్పోలిటస్. వేట, అడవి, ఆర్టెమిస్ దేవత ఆరాధన తప్ప అతనికి వేరే లోకం లేదు. ప్రేమకు అధిదేవత అయిన ఆఫ్రొడైటిని అతడు తృణీకరించాడు. ఆమె పగబట్టి, అతని సవతితల్లి ఫీడ్రా మనసులో అతనిపై మోహాన్ని పుట్టించింది. ఫీడ్రా ఆ మోహంతో పోరాడింది. మౌనంగా మరణించాలనుకొంది. ఆమెను బ్రతికించాలన్న తాపత్రయంతో దాది ఆ రహస్యాన్ని, ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టించుకొని, హిప్పోలిటస్ చెవిని వేసింది. అతడు మండిపడ్డాడు. ఫీడ్రా పరువు పోతుందన్న భయంతో, అతడే తనను చెరచాడని ఒక పలక మీద వ్రాసి, ఉరివేసికొని మరణించింది.

ఊరి నుండి తిరిగి వచ్చిన థీసియస్ భార్య శవాన్ని, ఆ పలకను చూశాడు. పొసైడన్ దేవుడు తనకిచ్చిన వరాన్ని ఉపయోగించి కుమారుని అక్కడికక్కడే శపించాడు. దేశం నుండి వెళ్ళగొట్టాడు. నిజం చెప్పడానికి ఒట్టు అడ్డు రాగా హిప్పోలిటస్ మౌనం వహించాడు. తండ్రి ఆ మౌనాన్ని నేరానికి గుర్తుగా భావించాడు. సముద్రం నుండి ఒక వృషభం వెడలి గుర్రాలను బెదరగొట్టగా, రథం తలక్రిందులై, అవి అతనిని రాళ్ళ మీద ఈడ్చుకొనిపోయాయి. అప్పుడు ఆర్టెమిస్ ప్రత్యక్షమై నిజం చెప్పింది. ఋజువు కోసం ఆగలేదు, జోస్యాన్ని అడుగలేదు, కాలానికి అవకాశమీయలేదు – ఇదే ఆమె థీసియస్‌పై మోపిన నేరం. కొనఊపిరితో ఉన్న కుమారుడు మాత్రం తండ్రిని క్షమించి కన్నుమూశాడు.

మన సారంగధరుడు

ఇప్పుడు గోదావరి తీరానికి వద్దాం. రాజమహేంద్రవరం ప్రభువు రాజరాజనరేంద్రుడు. ఆయన కుమారుడు సారంగధరుడు. రాజు వేటకు వెళ్ళిన సమయంలో సారంగధరుని పావురం ఎగిరిపోయి సవతితల్లి చిత్రాంగి మేడపై వాలింది. దానికోసం అతడు ఆమె మందిరానికి వెళ్ళాడు. ఆమె అతనిని మోహించింది. అతడు కాదన్నాడు. అవమానంతో ఆమె రాజుకు నేరం చెప్పింది. రాజు నిజానిజాలు విచారింపక, కుమారుని కాలుసేతులు నరికించాడు. రాజమహేంద్రవరంలో నేటికీ సారంగధర మెట్ట అనే గుట్ట ఉంది.

ఇది కథయే గాని చరిత్ర కాదు. చరిత్రలోని రాజరాజనరేంద్రుడు 11వ శతాబ్దికి చెందిన తూర్పు చాళుక్య ప్రభువు. నన్నయ చేత మహాభారతాన్ని తెలిగింపజేసినవాడు. ఆయన కుమారుడు రాజేంద్రుడు 1070లో కులోత్తుంగ చోళుడనే పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు. సారంగధర కథను 15వ శతాబ్దిలో గౌరన ‘నవనాథ చరిత్ర’ అనే ద్విపద కావ్యంలో చెప్పాడు. 17వ శతాబ్దిలో తంజావూరు రఘునాథనాయకుని ఆస్థానకవి చేమకూర వేంకటకవి ‘సారంగధర చరిత్ర’గా రచించాడు. 1883లో గురజాడ అప్పారావు ఇదే కథను ఇంగ్లీషులో కావ్యంగా వ్రాశాడు. 1957లో వెలువడిన చలనచిత్రంలో ఎన్.టి. రామారావు సారంగధరునిగా, భానుమతి చిత్రాంగిగా, ఎస్.వి. రంగారావు రాజుగా నటించారు. గ్రీకు కథ నుండి మన కథ పుట్టిందని చెప్పడానికి వీలు లేదు. అసత్యారోపణకు గురైన సవతి కుమారుని కథ పలు దేశాలలో కనిపిస్తుంది. మనుషులు చేసే పొరపాటు ఒకటే అయినప్పుడు కథలు కూడా ఒకదానినొకటి పోలడంలో వింత లేదు.

థీసియస్, రాజరాజనరేంద్రుడు ఇద్దరూ దుర్మార్గులు కారు. ఇద్దరూ న్యాయం చేస్తున్నామనే అనుకొన్నారు. కన్నకొడుకని కూడా చూడని ధర్మదీక్ష రాజుకు ఉండవలసిన గుణమే. ఆ గుణమే విచారణ అనే మెట్టును దాటి దూకినప్పుడు గురి తప్పింది. ఈ కథకున్న కొన్ని రూపాలలో చిత్రాంగిని మొదట సారంగధరుని కోసమే చూస్తారు. అతని చిత్తరువు చూసి ఆమె మనసుపడుతుంది. చివరకు రాజే ఆమెను పెండ్లాడతాడు. ఆ కథనం ప్రకారం తొలి పొరపాటు చిత్రాంగిది కాదు, రాజుది. ఫీడ్రాను, చిత్రాంగిని దుష్టస్త్రీలుగా కొట్టివేసి ఊరుకొంటే మనం కూడా ఆ రాజులు చేసిన పనినే చేసినవారమవుతాం.

రెండు కథలకు నడుమ ఒక పెద్ద భేదం ఉంది. మన పూర్వ కావ్యాలలో సిద్ధుని అనుగ్రహం వల్ల సారంగధరుని అవయవాలు తిరిగి మొలుస్తాయి. అతడు యోగి అవుతాడు. భారతీయ నాటక సంప్రదాయం కూడా మంగళాంతాన్నే కోరింది. భాసుని ‘ఊరుభంగం’ వంటి రచనలు అరుదు. బళ్ళారిలో న్యాయవాదిగా ఉంటూ నాటకాలు రచించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఈ సంప్రదాయాన్ని దాటి ‘విషాద సారంగధర’ను రచించారు. ఆంధ్రనాటక పితామహునిగా పేరొందిన ఆయన రచించిన ఈ నాటకం తెలుగులో తొలి విషాదాంత నాటకంగా ప్రసిద్ధి పొందింది.

ముగింపు మారితే కథ మనల్ని అడిగే ప్రశ్న కూడా మారుతుంది. అవయవాలు తిరిగి మొలిచే కథలో దైవకృప మీద నమ్మకం ఉంది. ఆ నమ్మకం విలువైనదే. కాని అందులో రాజు చేసిన పొరపాటును మరొకరు సరిదిద్దుతారు. విషాదాంతంలో సరిదిద్దేవారు ఎవరూ రారు. తెలిసిరావడం ఉంటుంది గాని, తిరిగిరావడం ఉండదు. ప్రేక్షకుడు ఆ బరువును తనతో ఇంటికి మోసుకొనిపోతాడు.

ఒక సొంత అనుభవం

ఈ పాఠాన్ని నేను పుస్తకాల నుండి మాత్రమే నేర్వలేదు. చాలా సంవత్సరాల క్రితం అమీర్‌పేట ప్రాంతంలోని ఒక జూనియర్ కళాశాలలో పనిచేస్తున్నప్పుడు, కర్ణుని పాత్రపై వ్యాసం వ్రాసి తెమ్మని విద్యార్థులకు చెప్పాను. పంజగుట్ట దగ్గర ఒక గదిలో ఉంటూ చదువుకొంటున్న, తరగతిలో ఎన్నడూ నోరు విప్పని ఒక విద్యార్థి తెచ్చిన వ్యాసం చాలా బాగుంది. అంత బాగుండడమే నాకు అనుమానమైంది. “ఇది ఏ గైడులోది?” అని అందరి ఎదుటా అడిగాను. తరగతి నవ్వింది. అతడు సమాధానం చెప్పలేదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలుగా తీసికొన్నాను.

కొన్ని రోజులకు అతని గదిలో ఉండే మిత్రుడు ఒక చిత్తుపుస్తకం తెచ్చి నా బల్లపై పెట్టాడు. అదే వ్యాసం అందులో నాలుగుసార్లు వ్రాసి ఉంది. కొట్టివేతలు, దిద్దుబాట్లు, మార్జిన్లలో ప్రశ్నలు. అన్నీ ఆ విద్యార్థి చేతివ్రాతే. అప్పటికే అతడు రెండవ భాషగా తెలుగును వదిలి సంస్కృతం తీసికొన్నాడు. నేను వెళ్ళి క్షమాపణ చెప్పాను. అతడు తలవంచుకొని విన్నాడు. “ఫరవాలేదు సార్” అన్నాడు. తెలుగు తరగతికి మాత్రం తిరిగి రాలేదు.

విద్యార్థులు ఒకరినుండి ఒకరు చూసి వ్రాయకూడదన్న పట్టుదల అధ్యాపకునికి ఉండవలసినదే. నాకు ఉన్నది ఆ పట్టుదలే. అది ఒక్క క్షణం గురి తప్పింది. థీసియస్ చేసిన దానితో పోలిస్తే ఇది చిన్నది. కాని చేసిన పొరపాటు జాతి అదే. ఆ తరువాత ‘విషాద సారంగధర’ను గూర్చి చెప్పిన ప్రతిసారీ రాజు పాత్ర వద్ద నా గొంతు కొంచెం తగ్గుతుంది.

ముగింపు

గ్రీకు విషాద నాటకం మనలను న్యాయమూర్తి స్థానంలో కూర్చోబెట్టదు. ఈడిపస్‌కు ఏ లోపం ఉందో కనిపెట్టి మార్కులు తగ్గించడం దాని పరమార్థం కాదు. అతని స్థానంలో ఉంటే మనం ఆగగలిగేవారమా అని అది అడుగుతుంది. కరుణ పడిపోయినవాని కోసం, భయం మన కోసం. విచారించినంత మాత్రాన అన్ని ఆపదలూ తప్పుతాయని కూడా ఆ నాటకం చెప్పదు. ఈడిపస్ విచారించే పడిపోయాడు. అయితే తాను తెలిసికొన్న నిజాన్ని తానే మోశాడు. థీసియస్ వినలేదు కనుక, అతని పొరపాటు బరువును అతని కొడుకు మోయవలసి వచ్చింది.

ఎదుటి మనిషి మౌనంగా ఉన్నప్పుడు ఆ మౌనానికి మనకు తోచిన అర్థం చెప్పుకోకుండా, మరొక్కసారి అడగడం, అతడు చెప్పేదాకా ఆగడం – ఇంతకన్నా పెద్ద నీతిని ఈ కథల నుండి తీయవలసిన పని లేదు.

కఠిన పదాలకు అర్థాలు

తృణీకరించు = గడ్డిపోచవలె తేలికగా చూచు, లెక్కచేయకుండు
క్షాళన = కడుగుట, శుద్ధి
ఇతివృత్తం = కథావస్తువు
చిత్తరువు = చిత్రపటం
జుగుప్స = ఏవగింపు
తెలిగించు = తెలుగులోనికి అనువదించు

వ్యాకరణాంశాలు

విషాదాంతం = విషాద + అంతం – సవర్ణదీర్ఘ సంధి
మహోత్సవం = మహా + ఉత్సవం – గుణ సంధి
నిజానిజాలు = నిజమును, అనిజమును – ద్వంద్వ సమాసం
ధర్మదీక్ష = ధర్మమునందు దీక్ష – సప్తమీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ‘హమార్షియా’ అంటే స్వభావంలోని మచ్చ కన్నా గురి తప్పడమే అని రచయిత ఎందుకు అభిప్రాయపడ్డాడు? ఉదాహరణలతో వివరించండి.
2. హిప్పోలిటస్, సారంగధర కథలలోని పోలికలను, భేదాలను విశ్లేషించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. విషాద నాటక నాయకుడు ఎటువంటివాడు కావాలని అరిస్టాటిల్ చెప్పాడు?
2. కథ ముగింపు మారితే మనల్ని అడిగే ప్రశ్న కూడా మారుతుందని రచయిత ఎందుకన్నాడు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా ప్రసిద్ధి పొందినది ఏది?
2. హిప్పోలిటస్ నిజం చెప్పలేకపోవడానికి కారణం ఏమిటి?